పడకటింటి ప్రయోగశాల

1938లో ఇటలీ ప్రభుత్వము యూదులను విశ్వవిద్యాలయములనుండి వెడలగొట్టు శాసనములు చేసినపుడు, వైద్యవిద్య ముగించి నాడీమండల పరిశోధనకు గడంగిన రీటా లెవీ-మొంటాల్చినీ, కొంతకాలము బెల్జియమున గడపి తిరిగివచ్చి, టూరిన్ నగరమందలి తమ యింట పడకగదినే ప్రయోగశాలగా నమర్చుకొనెను. కుట్టుసూదులను సానబట్టి శస్త్రములుగా జేసికొని, కోడిపిండముల అవయవపు మొలకలను సూక్ష్మదర్శినిక్రింద కోసివేసి, వానికై బయలుదేరిన నాడీకణముల గతి యేమగునో చూచుటయే ఆమె పని. బాంబుల భయమున కుటుంబము పల్లెకు తరలినపుడు, రైతుల యిండ్లకు బోయి, తన చంటిబిడ్డలకు బలమని చెప్పి, పిల్ల లేచు గ్రుడ్లను అడిగి తెచ్చుకొనెడిది. పెండ్లియే యాడని యామె పలికిన ఆ బొంకును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. పిండము దీయగా మిగిలినది వంటింటికి బోయెడిది. ఆ సంగతి తెలిసిననాటినుండి అన్నగారికి ఆమ్లెట్టు సహించలేదట!

అవయవము లేనిచో కణములు పుట్టకపోవుట కాదు, పుట్టియు పోషణము లేక నశించుచున్నవని ఆమె కనిపెట్టెను. 1947లో పిండశాస్త్రవేత్తయగు విక్టర్ హాంబర్గర్ పిలుపుపై అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునకు కొన్ని నెలలకని వెళ్ళి ముప్పదియేండ్లు నిలిచిపోయెను. ఎలుకకణితిని చేర్చిన పిండములలో నాడులు ఆ కణితిలోనికే విరివిగా చొచ్చుకొనిపోవుట కాంచి, 1952లో కణితులు గల రెండు చిట్టెలుకలను వెంటబెట్టుకొని విమానమున రియో డి జనైరో చేరి, గాజుపలకపై నుంచిన నాడీగుచ్ఛము కణితిముక్క చెంత సూర్యబింబమువలె నలుదెసల తంతువులను వెదజల్లుట కన్నులార జూచెను. కణితినుండి వెలువడి నాడులను పెంచు ద్రవ్యమును వేరుపరుపబూనిన స్టాన్లీ కోహెన్, అందలి కేంద్రకామ్లములను విరుచుటకు మాత్రమే పాము విషమును కలుపగా, ఆ విషమునందే అది కణితియందుకంటె వేలరెట్లు ప్రబలముగా నుండెను. విషకోశమునకు దాయాదియగు లాలాజలగ్రంథిని మగ యెలుకలలో వెదకగా అచటను సమృద్ధిగా దొరకెను. 1986లో నోబెల్ బహుమానము వీరిరువురికే దక్కినది. హాంబర్గరును విడిచిపెట్టుట న్యాయమని నే ననజాలను.

ఇట్లు కణితిలో, విషములో, ఎంగిలిలో దొరకిన ఆ ద్రవ్యమునకు సోదరమగు మరియొకదానిని 1982లో మ్యూనిక్ సమీపమున బార్డ్, థోనెన్ మొదలగువారు మెదడునుండియే తీసిరి: ఒకటిన్నర కిలోల పందిమెదడునకు లభించినది ఒక మైక్రోగ్రాము! ఎలుకమెదడున చిన్నగాయము చేసి మూర్ఛ పుట్టింపగా, కొన్ని గంటలలోనే రీటా కనుగొనిన ద్రవ్యపు టుత్పత్తికి మెదడు తానే పూనుకొనుచున్నదని 1989లో తేలెను. అప్పటి కెనుబదియేండ్లు నిండిన రీటా రోమునగరమున ఇంకను ప్రయోగశాలకు బోవుచునే యుండెను.