గాలి మార్పు

"వచ్చే శనివారం అనంతగిరి పోదాం, ఒక రాత్రి ఉండి వద్దాం" అని మావారు అనగానే పిల్లలిద్దరూ మంచమెక్కి గంతులు మొదలుపెట్టారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తమ్మ మాత్రం చెయ్యి ఆపేశారు. "ఆ కొండకా? పసిపిల్లల్ని తీస్కొనా?" అన్నారు.

పోయిన వానాకాలం మా పాపకి డెంగీ వచ్చింది. ఆరు రోజులు ప్లేట్‌లెట్ల అంకె తప్ప నాకు ఇంకేదీ కనపడలేదు. తగ్గాక చుట్టాలందరిదీ ఒకటే మాట, "పిల్ల నీరసపడింది, గాలి మార్పు కావాలి" అని. మా బొల్లారానికి దగ్గర్లో ఉన్న కొండ అనంతగిరే. తీరా బయల్దేరదామంటే అత్తమ్మకి ఈ భయమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెప్పారు. "అనంతగిరి అంటే మీకు రిసార్టు. మాకు టీబీ దవాఖాన."

నిజాం కాలం నుంచీ ఆ కొండ మీద క్షయ ఆసుపత్రి ఉంది. 1959లో, అత్తమ్మకి ఆరేళ్ళప్పుడు, వాళ్ళమ్మ ఏడు నెలలు అక్కడే ఉన్నారట. నెలకోసారి అమ్మమ్మ ఈమెని వెంటబెట్టుకుని టిఫిన్ క్యారియర్‌తో రైలెక్కి వికారాబాద్‌లో దిగేదట. "అమ్మమ్మ నన్ను దూరంగ చెట్టు కింద కూసోబెట్టి, కదిలితే ఒట్టే అనేది. అమ్మ వరండలకు వచ్చి చెయ్యి ఊపేది. నేను గూడ ఊపేదాన్ని. గంతే."

నేను చదివింది తెలుగు బీయే, చరిత్ర కాదు. కానీ ఆ "గంతే" నన్ను పట్టుకుంది. మా పాపకీ ఇప్పుడు ఆరేళ్ళే. పిల్లల బట్టలు సర్దుకుంటూనే ఆ వారమంతా ఈ గాలి మార్పు సంగతి వెతుక్కుని చదివాను.

మనవాళ్ళు కొండలెక్కింది దేవుడి కోసం. తిరుమలైనా, శ్రీశైలమైనా, అనంత పద్మనాభస్వామి ఉన్న ఈ అనంతగిరైనా అంతే. చల్లగాలి కోసం కొండ మీద ఇల్లు కట్టుకుని ఉండటం ఇంగ్లీషువాళ్ళతో బాగా పెరిగింది. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1819లో నీలగిరి ఎక్కి, 1822లో ఊటీలో రాతి ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళని కొండెక్కించింది సరదా ఒక్కటే కాదు, భయం కూడా. జ్వరాలు చెడ్డ గాలి వల్ల వస్తాయని అప్పట్లో నమ్మేవారు. మలేరియా అనే మాటకి ఇటాలియన్‌లో అర్థమే చెడ్డ గాలి. దండు ఊళ్ళలోని పాత తెల్లవాళ్ళ శ్మశానాల్లో ఎన్ని చిన్నపిల్లల సమాధులు ఉంటాయో చూస్తే ఆ తల్లుల భయం తెలుస్తుంది.

అసలు వింత ఏమిటంటే, మన బొల్లారం కూడా అలా గాలి మార్పుకి వచ్చే ఊరే! ఇంగ్లీషు రెసిడెంటుకి కోఠీలో రాజభవనం లాంటి ఇల్లు ఉండేది. అయినా పట్నం ఇరుకు నుంచి తప్పుకోవడానికి ఎత్తు మీదున్న బొల్లారంలో ఇంకో ఇల్లు. 1860లో కట్టిన ఆ విడిదిని 1950లో ప్రభుత్వం తీసుకుంది. అదే రాష్ట్రపతి నిలయం. 2023 నుంచి ఏడాది పొడుగునా జనాన్ని లోపలికి రానిస్తున్నారు కాబట్టి మీరూ చూసే ఉంటారు. నేను కూరగాయలకి వెళ్ళే రిసాలా బజార్ పేరులోని రిసాలా అంటే గుర్రపు దళం. దొరలు గాలి కోసం వచ్చిన చోటు నుంచి గాలి కోసం మనం బయటికి పోతున్నామన్నమాట.

దొరసాని కొండకి పోతే పిల్లల్ని ఎత్తుకోవడానికి ఆయా కూడా పోయేది. మరి ఆ ఆయా పిల్లల్ని ఎవరు చూసుకున్నారో! గాలి మార్పు అందరికీ అందే మందు కాదు.

ఇంతకీ ఆ జ్వరాల్లో గాలి తప్పెంత? ఆ లెక్క తేలింది మన దగ్గరే. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1897లో ఊటీలో ఉన్నప్పుడు, ఆ కొండల దిగువన తిరిగొచ్చి తానే మలేరియాతో పడుకున్నాడు. తర్వాత సికింద్రాబాద్ వచ్చాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, ఒక్కో దోమకి ఒక్కో అణా ఇచ్చాడు. ఆ దోమల్ని కోసి చూస్తే, ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి కనపడింది. ఆ పని జరిగిన బేగంపేట బంగ్లా ఇప్పటికీ ఉంది. గాలి మీద ఉన్న నింద అలా పోయింది. మా పాపని కుట్టిన డెంగీ దోమ జాతి వేరు కానీ, నేర్చుకోవాల్సిన పాఠం ఒకటే.

క్షయ కథ ఇంకోరకం. మందు లేని రోజుల్లో విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి, ఇవే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో మొదలైన ఆసుపత్రి అలాంటిదే. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నాక దారి మారింది. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరు రోగుల్ని ఆసుపత్రిలో ఉంచారు, కొందరిని వాళ్ళ ఇరుకిళ్ళలోనే ఉంచారు. అందరికీ అవే మందులు. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువేమీ కాలేదు. ఆ ఫలితాలు అచ్చైన సంవత్సరం 1959.

ఆ అంకె చూసి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అమ్మని పిల్లకి దూరం చెయ్యక్కర్లేదని మద్రాసులో తేలిన ఏడాదే, అనంతగిరిలో ఒక ఆరేళ్ళ పిల్ల చెట్టు కింద కూర్చుని చెయ్యి ఊపుతోంది. కొత్త సంగతి కాగితం మీంచి ఇంటిదాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో కదా. ఆ అమ్మ ఇంజెక్షన్లతో బాగై, ఇంటికొచ్చి ఇంకో ముప్పై ఏళ్ళు బతికింది. అయినా అత్తమ్మకి గుర్తున్నది ఆ చెట్టే.

ఈ సంగతి చెప్తే అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. శనివారం పొద్దున చూస్తే నాకంటే ముందే తయారై కూర్చున్నారు. పులిహోర, పెరుగన్నం, సకినాల డబ్బా, జ్వరం మందులు, దోమల క్రీము అన్నీ పట్టుకుని బయల్దేరాం. చేవెళ్ళ దాటాక రోడ్డుకి రెండు పక్కలా పాత మర్రిచెట్లు వస్తాయి, వాటి నీడలో ఆగి తిన్నాం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని చెప్తే మా బాబు వెంటనే ముక్కు మూసుకున్నాడు! హైదరాబాద్ పిల్లాడు మరి.

సాయంత్రం అత్తమ్మే "దవాఖాన దిక్కు పోయొద్దాం" అన్నారు. దారి పక్కన ఒక చెట్టు కింద ఆగి, "ఇది గాదులే, ఆ చెట్టు ఏడుందో" అంటూ కూర్చున్నారు. పాప వెళ్ళి ఆమె ఒళ్ళో ఎక్కింది. అత్తమ్మ దించలేదు. చీకటి పడుతోంది, కోతులొస్తాయి అని నేను రెండుసార్లు పిలిచినా ఇద్దరూ లేవలేదు.

సోమవారం పొద్దున్నే బాల్కనీలో పూలకుండీల కింద పళ్ళేల్లో నీళ్ళన్నీ పారబోశాను. కూలర్ తొట్టి కడిగాను. నేను కడుగుతుంటే అత్తమ్మ వాకిట్లో నిలబడి చూసి, "మళ్ళెప్పుడు పోదాం?" అన్నారు.