పేగుల్లో అనామకుడు

పేగుల్లోని బ్యాక్టీరియా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఈ.కోలై. నిజానికి పెద్దపేగులో దాని వాటా చాలా తక్కువ. అక్కడ బాక్టీరాయిడ్స్ లాంటి, గాలి తగిలితే పెరగని జాతులదే రాజ్యం. అయినా దశాబ్దాలపాటు జన్యు పరిశోధన ఈ.కోలై చుట్టూనే తిరిగింది. దాని జన్యువులను మార్చే పనిముట్లు ఉన్నాయి, వీటికి లేవు. అంతే తేడా.

ఆ పనిముట్లలో ముఖ్యమైనది ప్లాస్మిడ్. క్రోమోజోముతో కలవకుండా, తన నకళ్ళు తానే తీయించుకునే చిన్న డీఎన్ఏ చుట్ట. 1952లో జాషువా లెడర్‌బర్గ్ దానికి ఆ పేరు పెట్టారు. 1950లలో జపాన్‌లో జిగట విరేచనాల బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకపోవడం మొదలైంది. ఆ మొండితనం కూడా ప్లాస్మిడ్ల మీదెక్కే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతోందని తర్వాత తేలింది.

డాక్టర్లను భయపెట్టిన ఆ గుణమే ల్యాబుల్లో అక్కరకొచ్చింది. 1977 నాటి ప్రసిద్ధ పీబీఆర్322 ప్లాస్మిడ్‌నే చూడండి. నకళ్ళు తీయించే భాగం ఒక సహజ ప్లాస్మిడ్‌ది, మందులను తట్టుకునే రెండు జన్యువులు వేరే చోట్ల నుంచి తెచ్చినవి. మొత్తం 4,361 అక్షరాలు.

అయితే అది బాక్టీరాయిడ్స్‌లో పనిచేయదు. విండోస్ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాంని ఇంకో ఓఎస్ మీద పెట్టినట్టే. అక్కడి యంత్రాంగం దానికి నకళ్ళు తీయదు, దాని జన్యువులను సరిగా చదవదు.

జవాబు బాక్టీరాయిడ్స్ దగ్గరే దొరికింది. వాటిలో పీబీఐ143 అనే ఓ బుల్లి ప్లాస్మిడ్ ఉంది. దాదాపు 2,700 అక్షరాలు, రెండే జన్యువులు: ఒకటి నకళ్ళు తీయించుకోవడానికి, ఇంకోటి వేరే కణంలోకి దాటడానికి. ఆశ్రయమిచ్చిన బ్యాక్టీరియాకు దానివల్ల ఒరిగేదేమీ కనబడలేదు. 1985లో జెఫ్రీ స్మిత్ దీన్ని ఈ.కోలై ప్లాస్మిడ్ భాగాలతో కలిపి, క్లిండామైసిన్‌ని తట్టుకునే బాక్టీరాయిడ్స్ జన్యువుతో వాడి చూపించారు. ఈ.కోలైలో తయారుచేసి బాక్టీరాయిడ్స్‌లోకి దాటించవచ్చు, రెండుచోట్లా బతుకుతుంది. ఇల్లినాయ్‌లో ఆబిగెయిల్ సాలియర్స్ బృందం కూడా ఇలాంటి పనిముట్లు తయారుచేసుకుని, మనం అరిగించుకోలేక వదిలేసిన పిండిపదార్థాన్ని ఈ బ్యాక్టీరియా ఏ జన్యువులతో తింటుందో వెలికితీసింది.

కథ అక్కడితో ఆగలేదు. పారిశ్రామిక దేశాల జనంలో అత్యధికుల పేగుల్లో పీబీఐ143 ఉందని 2024లో 'సెల్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మన పేగుల్లో అత్యధికంగా ఉంటుందనుకున్న క్రాస్‌ఫేజ్ అనే వైరస్ కన్నా ఇది 14 రెట్లు ఎక్కువట! చాలాసార్లు తల్లి నుంచే బిడ్డకు వస్తుందట.

బ్యాక్టీరియాకు దీనివల్ల లాభమేమిటో ఇంకా తేలలేదు. మనకు మాత్రం రెండోసారి అక్కరకొస్తోంది. నీళ్ళలో మనుషుల మలం కలిసిందో లేదో దీన్ని వెతికి చెప్పొచ్చని ఆ పరిశోధకులే చూపించారు.