ఉత్కంఠ : పదార్థ విచారము

'ఉత్కంఠ' యనగా నేడు ఫలితము తెలియని ఆందోళనమనియే వాడుక. 'ఉత్' అనగా పైకి, 'కంఠము' అనగా మెడ. ప్రియమైనవారి కొఱకు మెడ నిక్కించి చూచు తపనయే దీని ప్రాచీనార్థము. అమరకోశము దీనికి పర్యాయముగా 'ఉత్కలిక'ను చెప్పినది. ఆ పదమునకు అల యనియు నర్థము కలదు.

కాళిదాసు శాకుంతలము నాల్గవ అంకమున, పెంచిన కూతును అత్తవారింటికి పంపు నాడు కణ్వమహర్షి హృదయమును తాకినది ఈ ఉత్కంఠయే.

2008లో తెఱచిన శంషాబాదు విమానాశ్రయము వాకిట, బిడ్డలు లోనికేగిన పిదపను మెడలెత్తి నిలిచిన తలిదండ్రులను మేము చూచితిమి. మునికే తప్పని తపన గృహస్థులకు దోషమెట్లగును? దానిని అణచవలదు, స్వామి సన్నిధి వైపు త్రిప్పుడు. అదియే భక్తి.