కాలయంత్రం రాయల కొలువుకు చేరిన దారి

కాలంలో ముందుకో వెనక్కో పోవాలంటే పాత కథల్లో మనిషి ఎక్కువగా నిద్రపోవాలి, లేకుంటే ఏ దేవతో కరుణించాలి. ఆ పనికి ఒక యంత్రాన్ని కల్పించి, దాన్ని లోకమంతటికీ పరిచయం చేసినవాడు ఇంగ్లండు రచయిత హెచ్.జి.వెల్స్. చిన్న దుకాణదారు కొడుకు. బట్టల కొట్టులో చాకిరీ చేసి, తర్వాత హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. 1888లో రాసిన ఒక కథనే తిరగరాసి, తిరగరాసి 1895లో ‘టైం మెషీన్’ నవలగా అచ్చువేశాడు. అదృశ్య మానవుడూ, అంగారకుల దండయాత్రా ఆ తర్వాత మూడేళ్లలోనే వచ్చేశాయి.

తెర కూడా ఆయన్ను వెంటనే పట్టుకుంది. అదే 1895 అక్టోబరులో రాబర్ట్ పాల్ అనే లండన్ యంత్రకారుడు, ప్రేక్షకులను కదిలే వేదికల మీద కూర్చోబెట్టి బొమ్మలతో కాలయాత్ర చూపిస్తానని పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. పారిస్‌లో ల్యూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి సినిమా చూపించింది ఆ తర్వాత రెండు నెలలకు! పాల్ ఆలోచన కాగితం దాటలేదు. హాలీవుడ్‌లో ఈ నవల సినిమాగా రావడానికి 1960 దాకా పట్టింది.

మన దగ్గరికి ఆ యంత్రం వచ్చిన దారి మాత్రం వేరు. అందులో మన సీమ వాళ్ల చెయ్యి ఉంది. వాహినీని నిలబెట్టిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల తాలూకా కొత్తపల్లి. ఆయన తమ్ముడు నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థను నడిపారు. తాడిపత్రి దర్శకుడు కె.వి.రెడ్డి సొంతూరు. విజయా వారికి ఆయన తీసిన ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. పెట్టె మూత తీస్తే మనసుకు నచ్చినవాళ్లు కనబడే ప్రియదర్శిని అందులోదే. ఆ సినిమాకు కె.వి. దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఎంత అసాధ్యమైనదాన్నైనా తడబడకుండా, ఇంట్లో జరిగినట్టు చెప్పడం ఆయనకు అక్కడే అబ్బిందని నా నమ్మకం.

1991లో ఆయన ‘ఆదిత్య 369’ తీశారు. వెల్స్ నుంచి ముఖ్యంగా తీసుకున్నది యంత్రాన్నే. నవలలో ప్రయాణికుడు ఎనిమిది లక్షల ఏళ్లు ముందుకు పోయి, అక్కడి మనుషుల మాట తెలియక కష్టపడతాడు. సింగీతం తన వాళ్లను ముందుగా 1526కు పంపారు. దిగింది రాయల కొలువులో. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ ఎదురయ్యే ఆ కొలువులో అందరిదీ తెలుగే. జంధ్యాల మాటలు రాస్తే ఇక దుబాసీ ఎందుకు? 465 ఏళ్లు వెనక్కి పోయినా పరాయి దేశం పోయినట్టు ఉండదు. రాయలు గెలిచిన ఉదయగిరే సింగీతం పుట్టిన ఊరు. జమ్మలమడుగు పక్కన గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు రాయల సేనలో పోరాడినవాళ్లు. అందుకే ఆ సన్నివేశాలు మన ప్రాంతంలో చూసేవాళ్లకు మరీ దగ్గరగా తగులుతాయి.

వెల్స్ నవలలోని దిగులు మాత్రం వాళ్లు తర్వాత చేరే 2504లో కనిపిస్తుంది: యుద్ధం తర్వాతి భూమి, నేల కింద బతికే మనుషులు. ఆ భాగానికి ఇంకొంచెం నిడివి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ని నాగ్ అశ్విన్ తీసినప్పుడు, మహాభారతాన్నీ యంత్రాలనూ ఒకచోటికి తెచ్చే ఆ పనికి మార్గదర్శిగా పిలిచింది మళ్లీ సింగీతాన్నే. ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆయన వయసు తొంభై దాటింది.