మూసిన కన్ను నేర్పిన పాఠము

శామీర్‌పేట చెరువుకట్ట మీద ఒక బాలుడు నిలబడి, అవతలి గట్టున మేసే గొర్రెలను లెక్కపెడుతున్నాడనుకొందాము. అతని చూపులో లోపమున్నదని ఎవరూ అనుమానింపరు. కాని కుడికన్ను అరచేతితో మూసి చూడమంటే గొర్రెలన్నీ మసకలో కలిసిపోతవి. ఎడమకంటిని పరీక్షిస్తే కంటిపాప, కటకము, రెటీనా అన్నీ బాగుగానే ఉన్నవి. కళ్ళజోడు పెట్టినా చూపు పూర్తిగా రాదు. మరి లోపమెక్కడ? కంటిలో కాదు, మెదడులో. దీనికే మందదృష్టి అని పేరు. 'సోమరి కన్ను' అని కూడ అంటారు.

పసితనములో మెదడు చూడడము నేర్చుకొంటుంది. రెండు కళ్ళనుండి స్పష్టమైన బొమ్మలు అందితేనే ఆ నేర్పు సరిగా అలవడుతుంది. ఒక కన్ను మెల్లగా ఉన్నా, రెండు కళ్ళ అద్దాల అవసరములో చాల తేడా ఉన్నా, పుట్టుకతో శుక్లమున్నా, ఆ కంటి వార్తను మెదడు క్రమముగా తోసివేస్తుంది. మెల్లకన్ను అదృష్టమని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకముతో వైద్యము వాయిదా వేసిన యింట, బిడ్డ చూపునే పణముగా పెట్టినట్లగును.

దీనికి చికిత్స చాల పాతది. 1743లో ఫ్రాన్సు దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్, మెల్లకన్నును గురించి వ్రాస్తూ, బాగున్న కంటిని కప్పి బలహీనమైన కంటికి పని కల్పించమన్నాడు. ఉపాయము ఫలించేది గాని, ఎందుకు ఫలిస్తుందో రెండు శతాబ్దాలపాటు తెలియలేదు. పైగా, పెద్దవారి మెదడులో నాడీమార్గాలు స్థిరపడినవనీ, మారవనీ, 1906లో నోబెల్ బహుమానము పొందిన స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ వంటి వారు తలచారు.

ఈ చిక్కును విప్పినవారు అమెరికాలో పనిచేసిన హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు. 1963లో ప్రకటించిన ప్రయోగాలలో వారు పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలపాటు మూసి ఉంచారు. తెరచిన తరువాత చూస్తే, మెదడులో దృష్టికి సంబంధించిన కణాలు దాదాపు అన్నీ తెరచి ఉన్న కంటికే స్పందించినవి. పెద్ద పిల్లులలో ఇట్టి మార్పు కనబడలేదు. అంటే మెదడు మలచుకొనే గుణము కలది. ఆ గుణము పసితనములో అత్యధికము. ఈ పరిశోధనలకు 1981లో వారికి నోబెల్ బహుమానము లభించింది.

మన ప్రాంతములో ఈ సమస్య ఎంత ఉన్నది? 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాస్త్రజ్ఞులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో 7 నుండి 15 ఏండ్ల పిల్లలు 4,074 మందిని పరీక్షించి, ఫలితాలను 2002లో ప్రకటించారు. చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణము అద్దాల లోపము. 12 శాతానికి మందదృష్టి.

చికిత్స కూడ నానాటికి సులువైనది. ఒక మోస్తరు మందదృష్టి గల చిన్నపిల్లలకు రోజుకు 2 గంటలు కన్ను కప్పినా, 6 గంటలు కప్పినంత మేలు కలుగుతుందని అమెరికాలో 2003లో తేలినది. ఏడేండ్లు దాటితే లాభము లేదన్న పాత మాట కూడ సడలినది. 2005లో ప్రకటించిన మరొక పరిశీలనలో, కళ్ళజోడుతోపాటు చికిత్స పొందిన 7 నుండి 12 ఏండ్ల పిల్లలలో సుమారు సగము మందికి చూపు మెరుగైనది. అయినను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఈ సూత్రము కంటితోనే ఆగలేదు. పక్షవాతము వచ్చినవారిలో బాగున్న చేతికి తొడుగు తొడిగి, బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టాబ్ రూపొందించాడు. 222 మంది రోగులపై జరిపి 2006లో ప్రకటించిన పరీక్షలో, రెండు వారాల అభ్యాసముతో చేతి వాడుక మెరుగైనదని రుజువైనది. కంటికి పట్టీ, చేతికి తొడుగు: రెండింటి ధర్మము ఒకటే. పనిలేని మార్గము మూసుకొనిపోతుంది. పని కల్పిస్తే తిరిగి తెరచుకొంటుంది.

ఇక మేడ్చల్‌లోగాని మరెక్కడగాని ఉపాధ్యాయుడు చేయగల పని ఒకటున్నది. రెండు కళ్ళతో నల్లబల్ల చదివించి ఊరుకొంటే ఈ లోపము దొరకదు. మంచి కన్ను దానిని దాచివేస్తుంది. ఒక్కొక్క కంటిని విడివిడిగా మూయించి చదివించాలి. తేడా కనబడిన బిడ్డను వెంటనే నేత్ర వైద్యునికి చూపవలెను. ఇందుకు పట్టేది రెండు నిమిషాలు. దక్కేది ఒక జీవితకాలపు చూపు.