మూడు పిడికిళ్ళ ఇసుక

పొద్దున్నే పారాయణం ముగించి పుస్తకం కళ్ళకద్దుకుంటాం. వంటింట్లోకి వెళ్ళి పోపు మాడిందంటే చాలు, కోపం ముంచుకొస్తుంది. ఇన్నేళ్ళుగా చదువుతున్నా మనసు కుదుటపడదేం అని మీలో చాలామందికి అనిపించే ఉంటుంది. ఈ వెలితి మనకంటే ముందు సాక్షాత్తు వ్యాసులవారికే కలిగింది మరి!

భాగవతం ప్రథమ స్కంధం చూడండి. వేదాలను విభజించి, భారతం రచించిన ఆ మహానుభావుడు సరస్వతీ నది ఒడ్డున దిగులుగా కూర్చున్నాడట. ధర్మాలన్నీ చెప్పావు గాని భగవంతుణ్ణి మనసారా కీర్తించలేదు, అందుకే ఈ దిగులు అన్నాడు నారదుడు. ఆ తరువాత పుట్టిందే భాగవతం.

ఇదే సంగతిని మన గోదావరి తీరాన బాసర స్థలపురాణం మరో విధంగా చెబుతుంది. బాసర 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లా. కురుక్షేత్ర యుద్ధం తరువాత శాంతి వెతుక్కుంటూ వ్యాసుడు ఇక్కడికి వచ్చాడట. రోజూ నదిలో స్నానం చేసి, మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి మూడుచోట్ల పోసేవాడట. అవే సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులయ్యాయంటారు. వ్యాసపురి కాస్తా వాసర, బాసర అయిందని కూడా చెబుతారు. అమ్మవారికి అలదిన పసుపే నేటికీ ప్రసాదం.

దీనికి శాసనం చూపమంటే చూపలేం. కానీ కథలోని అంతరార్థం చూడండి. అంత పెద్ద గ్రంథం రాసినవాడికి దొరకని శాంతి, రోజుకో పిడికెడు ఇసుకలో దొరికింది. ఎంత చదివామన్నది కాదు, రోజూ ఎంత నిలుపుకున్నామన్నదే లెక్క.

మన పాతతరం స్త్రీలకు ఇది తెలుసు. నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. 1948కి ముందు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఆడపిల్లకు తెలుగు అక్షరం అందడమే గగనం. అయినా గుడిలో పురాణం విన్నారు. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకాన్ని విని నోటికి నేర్చుకున్నారు. విన్న ఒక్క పద్యాన్ని విసుర్రాయి దగ్గరా, పొలం గట్టునా నెమరు వేసుకున్నారు.

నేడు బాసరలో ఆడపిల్లలకూ అక్షరాభ్యాసం చేయిస్తున్నాం. ఆ అక్షరాన్ని లోపలికి కూడా తిప్పుకోవాలి. రోజుకి ఒక్క పుట చదవండి. ఇందులో కోపం ఎవరిది, మోహం ఎవరిది, నాలో ఎంత ఉంది అని ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంట్లో చదువురాని పెద్దావిడ ఉంటే, ఆ పుటను ఆమెకు వినిపించండి. అర్థం ఆమే చెబుతుంది, వినండి.