నెపం పాత బండి మీద

2000 ఫిబ్రవరి 1, మంగళవారం. ఆ రోజు నుంచి దేశంలో ఏ బంకులోనూ సీసం కలిపిన పెట్రోలు అమ్మకూడదన్నారు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, బుల్లెట్లు, చేతక్ స్కూటర్లు ఎప్పటిలాగే బంకుకొచ్చాయి, పోయించుకుని పోయాయి. ఇంజన్ మార్చిందీ లేదు, కొత్త పరికరం బిగించిందీ లేదు. చాలామంది యజమానులకు ఏదో మారిందన్న సంగతే తెలియదు. కానీ కొద్ది రోజుల్లోనే, ఇరవై ఏళ్ల కిందటి డొక్కు బండితో సహా, పెట్రోలు బండ్లన్నిటి పొగగొట్టంలోంచీ ఒక విషం తప్పుకుంది. వాహన కాలుష్యం మీద మన దేశంలో జరిగిన పోరాటాల్లో పాత బండిని ఇంత తేలిగ్గా, ఇంత సమూలంగా శుభ్రం చేసింది మరొకటి కనిపించదు. విచిత్రమేమిటంటే, ఈ పనిని ప్రపంచవ్యాప్తంగా ఏళ్ల తరబడి వాయిదా వేయడానికి చూపిన కారణాల్లో పాత బండి కూడా ఒకటి. సీసం తీసేస్తే పాత ఇంజన్లు దెబ్బతింటాయన్నారు, బీదవాడి బండి మూలన పడుతుందన్నారు. ఆ మాటలో నిజం కొంచెం ఉంది. నెపం చాలా ఉంది. రెంటినీ విడదీసి చూడడం అవసరం, ఎందుకంటే పాత బండి మీద నేరం మోపడం మనం ఇంకా మానలేదు.

తెలుగువాడికి సీసమంటే ముందు పద్యం గుర్తుకొస్తుంది. లోహం సంగతి వేరు. గుంటూరు జిల్లా అగ్నిగుండాల గనుల్లోంచి దాన్ని తవ్వాం, విశాఖలో కరిగించాం. అది ఒంట్లోకి వెళ్తే ప్రమాదమని రోమన్ల కాలం నుంచే మనుషులకు తెలుసు. అలాంటిదాన్ని పెట్రోల్లో కలపాలన్న ఆలోచన 1921 డిసెంబరులో అమెరికాలోని డేటన్ నగరంలో, జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో పుట్టింది. ఇంజన్ సిలిండర్‌లో పెట్రోలు అదను తప్పి మండితే టకటకమని తట్టినట్టు శబ్దం వస్తుంది. మెకానిక్కులు నాకింగ్ అంటారే, అదే. థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజనీరు టెట్రా ఎథిల్ లెడ్ చిటికెడు కలిపితే ఆ శబ్దం ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923లో అమ్మకం మొదలైంది. పేరులో సీసం ఊసు రాకుండా ‘ఎథిల్’ అని పెట్టుకున్నారు, ఆ పేరుతోనే కంపెనీ కూడా వెలిసింది. నాకింగ్‌కు ఇదొక్కటే మందా అంటే కాదు. ఆల్కహాలు కలిపినా ఆ పని జరుగుతుందని అదే ప్రయోగశాలకు తెలుసు. అయితే ఆల్కహాలు ఎవడైనా వండుకోగలడు, దాని మీద పేటెంటు రాదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ రసాయనం తయారుచేసే కార్మికులు మతి చలించి, గావుకేకలు పెడుతూ ఐదుగురు చనిపోయారు. మిడ్‌గ్లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని చూపించాడు, ఏమీ కాదన్నాడు. అప్పటికి ఏడాదిన్నర కిందటే అతను స్వయంగా సీసం విషానికి గురై విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. 1925లో కొంతకాలం అమ్మకం ఆపారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన యాండెల్ హెండర్సన్, వృత్తి రోగాల నిపుణురాలు ఆలిస్ హామిల్టన్ వంటివారు వద్దని మొత్తుకున్నా, ప్రభుత్వ కమిటీ నిషేధానికి తగిన ఆధారం లేదని తేల్చింది. తర్వాత నలభై ఏళ్లు, హాని జరుగుతోందని ముందు మీరు రుజువు చేయండి అన్నదే పరిశ్రమ పాట. రుజువు వెతికే పరిశోధనకు డబ్బిచ్చేది ఎక్కువగా ఆ పరిశ్రమే.

అంటే సీసం పాత బండి అవసరం కోసం పెట్రోల్లోకి రాలేదు. కొత్త బండి అమ్మకం కోసం, ఎక్కువ కంప్రెషన్‌తో ఎక్కువ వేగంతో పరుగెత్తే ఇంజన్ల కోసం వచ్చింది. అది బయటికి పోవడం మొదలైందీ కొత్త బండి కోసమే. భూమి వయసు లెక్క కట్టే పనిలో ఉన్న క్లెయిర్ ప్యాటర్సన్‌కు ప్రయోగశాలలో ఎటు తుడిచినా సీసమే తగిలింది. అదెక్కడిదని వెతికి, మనిషి తిరిగే చోటల్లా సహజంగా ఉండవలసిన దానికి ఎన్నో రెట్ల సీసం పేరుకుందని 1965లో ప్రకటించాడు. అమెరికాలో సీసం లేని పెట్రోలు అన్ని ముఖ్యమైన బంకులకూ చేరింది మాత్రం 1974లో. తక్షణ కారణం పిల్లల నెత్తురు కాదు, కెటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉన్న తేనెపట్టు లాంటి, పొగను శుభ్రం చేసే ఈ పింగాణీ దిమ్మె 1975 మోడళ్ల పొగగొట్టాల్లోకి వచ్చింది. సీసం దాని మీద పూతలా పేరుకుంటే అది పనిచేయడం మానేస్తుంది. కాబట్టి కొత్త కార్లకు సన్న మూతి నాజిల్‌తో సీసం లేని పెట్రోలు, పాత వాటికి పాతదే. పిల్లల పాలపళ్లలో సీసం కొలిచి, అది ఎక్కువున్న పిల్లలు చదువులో, ఏకాగ్రతలో వెనకబడుతున్నారని పిల్లల వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ 1979లో చూపించాకనే మాట పూర్తిగా ఆరోగ్యం మీదికి మళ్లింది. గ్యాలనుకు 1.1 గ్రాముల సీసాన్ని 1986 జనవరికల్లా 0.1 గ్రాముకు దించమని అమెరికా ప్రభుత్వం ఆదేశించింది. అప్పుడు గొంతెత్తినవాళ్లు రైతులు. మా పాత ట్రాక్టర్ల గతేమిటి అని అడిగారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఇంజన్ హెడ్డు విప్పి చూస్తేగానీ దొరకదు. కాలిన వాయువు బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు నిమిషానికి వేలసార్లు తన సీటు మీద కొట్టుకుంటుంది. అక్కడ వేడికి లోహం ఎర్రబడుతుంది. పాతకాలపు పోత ఇనుము హెడ్డులో వాల్వు సీటు వేరే ముక్క కాదు, ఆ హెడ్డునే చెక్కి చేసింది. సీసం మండగా మిగిలిన మసి ఆ సీటు మీద సన్నటి పొరగా పరుచుకుని మెత్త లాగా పనిచేసేది. అది లేకపోతే వాల్వు, సీటు క్షణకాలం అతుక్కుంటాయి. విడిపోయేటప్పుడు సీటు నుంచి అణువంత లోహం ఊడొస్తుంది. వాల్వు క్రమంగా హెడ్డులోకి దిగబడుతుంది, ట్యాపెట్ సందు బిగుసుకుంటుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, చివరికి మాడిపోతుంది. ఇది కల్పన కాదు. అమెరికా వ్యవసాయ శాఖ, పర్యావరణ పరిరక్షణ సంస్థ కలిసి పాత వ్యవసాయ ఇంజన్లను సీసం లేని పెట్రోలుతో నడిపి చూస్తే ఈ అరుగుదల కనిపించింది. అయితే అది ఎక్కువగా, భారీ లోడుతో, అధిక వేగంతో ఎడతెగకుండా నడిపినప్పుడు. తేలికపాటి పనిలో పెద్దగా లేదు. అరిగిన హెడ్డుకూ మందుంది. లేతు మీద ఆ సీటు తొలిచి గట్టి లోహపు రింగు దించితే ఆ ఇంజన్‌కు ఇక సీసం అక్కర్లేదు. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు వాల్వులు నూరించడానికి హెడ్డు విప్పక తప్పదు, ఈ పని కూడా అప్పుడే అయిపోతుంది. 1999 చివర్లో సీసం పెట్రోలు ఆపేసిన బ్రిటన్ పాత కార్ల కోసం వేరే రసాయనం కలిపిన ప్రత్యేక పెట్రోలును బంకుల్లో ఉంచింది. కొనేవాళ్లు అంతకంతకూ తగ్గిపోయి కొన్నేళ్లకే అది బంకుల నుంచి మాయమైంది. భయం నిజంగా అంత పెద్దదైతే గిరాకీ అలా పడిపోదు.

ఇంకో సంగతి ఈ వాదంలో ఎప్పుడూ వెనక్కి పోతుంది. సీసం పాత బండికి మేలు మాత్రమే చేయలేదు. అది సిలిండర్‌లో పేరుకోకుండా దాంతోపాటు బ్రోమిన్, క్లోరిన్ ఉన్న రసాయనాలు కలిపేవారు. అవి మండి ఆమ్లాలై ఇంజన్ ఆయిల్‌ను పాడుచేసేవి, సైలెన్సర్‌ను లోపలి నుంచి తినేసేవి. స్పార్క్ ప్లగ్గుల మీద సీసం కట్టేది. సీసం పోయాక ప్లగ్గులు, సైలెన్సర్లు ఎక్కువకాలం మన్నాయి. వాల్వు సీటు ఖర్చు ఒక పక్క రాస్తే ఈ ఆదాయం రెండో పక్క రాయాలి కదా. పాత బండి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు మొదటి పద్దే చదివారు.

మన దేశానికొస్తే నెపం మరీ పలచన. లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండేది. ఒక కారులో 30 లీటర్లు పోయిస్తే దాదాపు 17 గ్రాములు, తులంన్నర సీసం. అందులో చాలా భాగం పొగతో వీధిలోకే వచ్చేది. న్యాయవాది ఎం.సి. మెహతా ఢిల్లీ వాహన కాలుష్యం మీద 1985లో సుప్రీం కోర్టులో వేసిన వ్యాజ్యం నడుస్తూ నడుస్తూ ఉండగా, 1994లో నాలుగు మహానగరాల్లో సీసాన్ని 0.15 గ్రాములకు దించారు. 1995 ఏప్రిల్ 1 నుంచి అదే నగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోలు వచ్చింది. 1998 సెప్టెంబరులో ఢిల్లీ మొత్తం సీసం లేని పెట్రోలుకు మారింది, 2000లో దేశమంతా. మరి ఇక్కడి పాత బండ్లు ఏవి? రోడ్డు మీది పెట్రోలు బండ్లలో సింహభాగం స్కూటర్లు, మోపెడ్లు, ఆటోలు. అవి టూ-స్ట్రోక్. వాటికి ఎగ్జాస్ట్ వాల్వే లేదు, సిలిండర్ గోడకున్న కంతే దారి. లేని వాల్వుకు సీసం ఎందుకు? పద్మిని హెడ్డు అల్యూమినియంది, అందులో సీటు రింగులు మొదటినుంచీ వేరుగానే ఉన్నాయి. మారుతి 800దీ అంతే. నిజంగా ఆలోచించవలసినది పాత అంబాసిడర్ వంటి పోత ఇనుము హెడ్డుల గురించే. వాటి కంప్రెషన్ తక్కువ, మన రోడ్ల మీద వాటి వేగమూ తక్కువ. సీసం మెత్త లేకుండా అరిగిపోయేంత పరుగు వాటికి మనం ఎప్పుడు పెట్టాం?

దీనికి ఎదురుగా గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. సీసం తీసేసిన చోట ఆక్టేన్, అంటే నాకింగ్‌ను ఆపే గుణం, నిలబెట్టడానికి రిఫైనరీలు బెంజీన్ కుటుంబానికి చెందిన పదార్థాల పాలు పెంచాయి. బెంజీన్ క్యాన్సర్ తెస్తుంది. కన్వర్టర్ ఉన్న బండిలో అది చాలావరకు కాలిపోతుంది, లేని పాత బండిలో కొంత అలాగే బయటికొస్తుంది. మన పెట్రోల్లో మొదట్లో బెంజీన్‌ను 5 శాతం దాకా అనుమతించారు. అంటే ఒక విషాన్ని పంపి ఇంకోదాన్ని పిలిచినట్టేగా అని పర్యావరణవాదులే అడిగారు. ఆ విమర్శ సరైనదే. కానీ దానివల్ల తేలేది సీసం ఉంచాలని కాదు, బెంజీన్ కూడా తగ్గించాలని. భారత్ స్టేజ్-3 ప్రమాణాల నాటికి దాన్ని 1 శాతానికి దించారు. అది కూడా ఇంధనంలోనే జరిగింది, దాని ఫలితమూ పాత బండ్లకు అందింది. పైగా బెంజీన్ ఆవిరై చెదిరిపోతుంది. సీసం మట్టిలో దిగి అక్కడే ఉంటుంది, పాకే పిల్లవాడి వేళ్ల ద్వారా నోట్లోకి పోతుంది. పెద్దవాళ్ల కంటే పిల్లల పేగులు దాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. సీసం రంగుల్లో లేదా, బ్యాటరీల్లో లేదా, పెట్రోలునే ఎందుకు ఆడిపోసుకోవాలి అన్నవాళ్లకు ముంబయి లెక్కలు చాలు. 1997లో అక్కడ పరీక్షించిన పిల్లల్లో 60 శాతానికి పైగా నెత్తుటిలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటి సీసం ఉంది. పెట్రోల్లో సీసం పోయిన తర్వాత జరిపిన ఇంకో పరీక్షలో అలాంటి పిల్లలు మూడింట ఒక వంతు. ఆ మూడో వంతు రంగులు, బ్యాటరీల వంటివాటి ఖాతాలో వేయండి, అభ్యంతరం లేదు. తగ్గిన వాటా మాత్రం చిన్నది కాదు.

బండిని మార్చి గాలిని బాగుచేసే దారి వేరు. ఉద్గార ప్రమాణాలు ఎంత కఠినమైనా ఆ తేదీ తర్వాత షోరూం నుంచి బయటికొచ్చే బండికే వర్తిస్తాయి. పాత బండికి మిగిలింది పొల్యూషన్ సర్టిఫికెట్. రోడ్డు పక్కన వ్యానులో పొగగొట్టంలోకి గొట్టం దూర్చి కార్బన్ మోనాక్సైడ్ కొలిచే ఆ పరీక్ష సీసాన్ని ఒక్కనాడూ కొలవలేదు. నిలబెట్టి కొలవగా సర్టిఫికెట్ చేతికొచ్చిన స్కూటరు నిక్షేపంగా సీసం కక్కుకుంటూ పోయేది. ఆ స్కూటరు తోకలాగా వదిలే నీలి పొగ కూడా ఇంజన్ పాపం కొంతే. బంకులో కుర్రాడు పెట్రోల్లో కలిపే టూ-టీ ఆయిల్ పంపు పిడి పట్టుకుని, ఎన్ని పాయింట్లు అని అడిగితే, ఇంజన్ చల్లగా ఉంటుందని ఒక పాయింటు ఎక్కువే కొట్టమనేవాళ్లు. లెక్క ప్రకారం ముందే కలిపిన ఆయిలే పోయాలని 1998 చివర్లో ఢిల్లీలో పెట్టిన నిబంధన ఆ పొగ మూలాన్ని పట్టుకుంది. డీజిల్ కథా అంతే. 1990ల మొదట్లో 1 శాతం దాకా ఉన్న గంధకం 2020 ఏప్రిల్ నాటికి పది లక్షల్లో 10 పాళ్లకు దిగింది. కొత్త లారీ ఫిల్టర్ కోసం చేసిన ఆ పని పాత లారీ పొగలోని గంధకాన్నీ తగ్గించింది.

పాత బండికి కాలుష్యం ఎక్కువ కాదా అంటే, ఎక్కువే. కన్వర్టర్ లేని కార్బ్యురేటర్ ఇంజన్‌ను కొత్తదానితో సమానమనడం మోసం. నగరంలో రోజంతా తిరిగే ముసలి ఆటోను, ముసలి లారీని తప్పించవలసిందే. నా అభ్యంతరం వయసొక్కటే కొలత అవడం మీద. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదన్న 2015 నాటి గ్రీన్ ట్రిబ్యునల్ ఉత్తర్వును 2018లో సుప్రీం కోర్టు సమర్థించింది. అలాంటి బండ్లకు పెట్రోలే పోయొద్దని 2025 జులై 1న మొదలుపెట్టి, గోల పుట్టేసరికి కొద్ది రోజుల్లోనే ఆపేశారు. నెలకు వంద కిలోమీటర్లు కూడా తిరగని కారునూ, రోజుకు రెండు వందలు తిరిగేదాన్నీ పుట్టిన తేదీ చూసి ఒకే గాటన కట్టేశారు. ఎంత తిరుగుతోంది, ఏం కక్కుతోంది అని కొలవడం కష్టం, క్యాలెండర్ చూడడం తేలిక.

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ వచ్చింది. 1920లలో పేటెంటు రాదని పక్కనపెట్టిన ఆల్కహాలు నూరేళ్లకు తిరిగొచ్చిందన్నమాట. మైలేజీ తగ్గుతోందని, రబ్బరు గొట్టాలు పాడవుతాయని పాత బండ్ల యజమానులు మళ్లీ అడుగుతున్నారు. సీసం నాటి భయం ఎక్కువగా నెపమే అయింది కాబట్టి ఇదీ నెపమే అనడం తర్కం కాదు. అప్పుడు రైతు అడిగితే ట్రాక్టర్ ఇంజన్లు తెచ్చి నడిపి, అరిగిన సీట్లు కొలిచి ఫలితం బయటపెట్టారు. ఇక్కడ కూడా ఏ ఏడాది మోడల్‌కు ఏ గొట్టం, ఏ గాస్కెట్ మార్చాలో, ఎంత ఖర్చవుతుందో బంకు గోడ మీద తెలుగులో అంటించమని అడిగే హక్కు పాత బండివాడికి ఉంది.

రోడ్డు బండ్లకు సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా. 2021 జులైలో అక్కడా ఆగిపోయింది. పైలట్లకు శిక్షణనిచ్చే చిన్న పిస్టన్ విమానాలు చాలావరకు వాడే ఎవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్‌లో మాత్రం సీసం ఇప్పటికీ ఉంది. 2022 నుంచి దాన్ని మన దేశంలోనే తయారుచేస్తున్నారు.